రెండో నోరు

వాయిద్యాలు బాగుచేసే మా వర్క్‌షాపు తాళంచెవి నాన్న చొక్కా జేబులో ఉంది. మూడు రోజులుగా ఆయన స్నానానికి వెళ్తే అదీ వెంట వెళ్తోంది.

అక్క పొద్దున్న ఏడింటికే వచ్చి వర్క్‌షాపు ముందు మెట్టు మీద కూచుంది. ఎనిమిదైనా లేవలేదు. ఎడమ కన్ను మసకేస్తోందని దాన్ని మూసి, కుడి కంటితోనే నాన్నని చూస్తోంది. తెలీనివాళ్ళు చూస్తే కన్ను కొడుతోందనుకుంటారు. మామూలు రోజైతే ఆ మాట పైకి అనేసి ఒక మొట్టికాయ తినేదాన్ని.

"తాళం తియ్యి నాన్నా."

"తియ్యను."

"క్లారినెట్ సగం విప్పి పెట్టాను. అలా వదిలేస్తే రంధ్రాల మీద కొత్తగా వేసిన ప్యాడ్లు ఊడిపోతాయి."

"పోనీ."

నాన్న నోట 'పోనీ' అన్న మాట నాకు బుద్ధి తెలిశాక వినలేదు. ఒక మీట కింద వెంట్రుకంత సందు కనిపిస్తే తిండి మానేసి కూచునే మనిషి.

"నాలుగింటికి పియానోలు బాగుచేసే పెద్దాయన వస్తాడు" అన్నాడు నాన్న, ఎవరి మొహమూ చూడకుండా. "లేతు మిషను ఆయనకిచ్చేస్తున్నా. బెంచీ కూడా. ఇక ఈ ఇంట్లో ఎవరూ దేన్నీ ఊదక్కర్లేదు."

అమ్మ వంటింటి గుమ్మంలో కాఫీ గ్లాసులతో నిలబడిపోయింది.

"ఇచ్చేస్తే నేనేం చెయ్యాలి?" అంది అక్క.

"విశ్రాంతి తీసుకో."

"ముప్ఫై ఒకటో ఏటా?"

నాన్న జేబు మీద చెయ్యేసి, తాళంచెవి ఉందో లేదో తడిమి చూసుకుని, వెనకవైపు పెరట్లోకి వెళ్ళిపోయాడు.

సంగతి ఇంతే. లేతు పోతే వర్క్‌షాపు పోతుంది. వర్క్‌షాపు పోతే అక్కకి మిగిలేది మూడు రోజుల కిందట నరాల డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం ఒక్కటే. దాని మీద మల్టిపుల్ స్క్లెరోసిస్ అని ఉంది. నరాల మీద ఉండే పూతని మన ఒంట్లోని కాపలావాళ్ళే దొంగనుకుని కొరికేసే జబ్బు. అక్కకి అది ముందు ఎడమచేతి మూడు వేళ్ళలో తిమ్మిరిగా వచ్చింది, తర్వాత కంట్లోకి వచ్చింది.

ఆ కాగితానికి కాదు నాన్న భయపడింది. రాసేముందు డాక్టరమ్మ అడిగిన ప్రశ్నకి.

"చిన్నప్పుడెప్పుడైనా గ్రంథుల జ్వరం వచ్చిందా?"

"పదిహేడేళ్ళప్పుడు వచ్చింది" అంది అక్క. "మెడంతా గడ్డలు కట్టి ఆరు వారాలు మంచం మీదున్నా."

డాక్టరమ్మ తలూపి రాసుకుంది. ఆ తలూపడం ఉంది చూశారూ, దాన్నే నాన్న ఇంటికి మోసుకొచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టే వర్క్‌షాపుకి తాళం వేశాడు.

నేను ఆయన వెనకే పెరట్లోకి వెళ్ళాను. నన్నింట్లో కూపీ అంటారు. ఏ విషయమైనా కూపీ లాగేదాకా నాకు తోచదని అమ్మ పెట్టిన పేరు. లైబ్రరీలో పని దొరికాక ఆ జబ్బు ఉద్యోగం కింద చెల్లిపోతోంది.

"నాన్నా, డాక్టరమ్మ తలూపింది, అంతేగా. ఎందుకింత మొండికేస్తున్నావ్?"

"నీకు తెలీదు."

"తెలీకే అడుగుతున్నా."

ఆయన నీళ్ళ తొట్టి గట్టు మీద కూచున్నాడు. చాలాసేపు తన చేతుల్ని తనే చూసుకున్నాడు.

"దానికి జ్వరం రాకముందు శుక్రవారం ఒక బ్యాండు మాస్టారు వచ్చాడు. గొంతు వాచిపోయి మాట కూడా రావట్లేదు. సాయంత్రమే కచేరీ, తొందర. ఆయన క్లారినెట్ బాగుచేసి, నేను ఊది, వేడి మీదే దానికిచ్చాను. మళ్ళీ శుక్రవారానికి పిల్ల మంచమెక్కింది. నేనే ఇచ్చాను. నా చేత్తో, నా నోటితో."

ఇక్కడ మా నాన్న పద్ధతి చెప్పాలి, లేకపోతే ఆయన్ని పిచ్చివాడనుకుంటారు. మా వర్క్‌షాపులో ఏ వాయిద్యమూ ఒక నోటి పరీక్షతో బయటికి వెళ్ళదు. వాయిద్యంలో చిన్న లోపం ఉందనుకోండి, ఊదేవాడి పెదాలూ వేళ్ళూ వాడికి తెలీకుండానే సర్దుకుంటాయి. లోపం దాక్కుంటుంది. అందుకని ఒకరు ఊదగానే, వాయిద్యం చల్లారకముందే, ఇంకొకరు ఊదాలి. చల్లారితే శ్రుతి దిగిపోతుంది. మౌత్‌పీస్ మార్చకూడదు, మారిస్తే స్వరమే మారిపోతుంది. కడక్కూడదు, కడిగితే చల్లబడుతుంది. గుడ్డతో ఒక్క తుడుపు, అంతే. నాన్న మొదటి నోరు, అక్క రెండో నోరు. పదహారు నిండనివాళ్ళు నోరు పెట్టకూడదన్నది ఇంకో నియమం.

చుట్టుపక్కల ఇంకెవరూ ఇలా చెయ్యరు. అందుకే మా వాయిద్యాలకి పేరు. అందుకే నాన్నకి ఇప్పుడీ గతి.

"ఒక్కసారి డాక్టరమ్మని అడిగొస్తా" అన్నాను.

"ఏమని?"

"నువ్వు అనుకుంటున్నది నిజమో కాదో."

"నేను కాకపోతే ఇంకెవరు?" అన్నాడు నాన్న. "ఎవరో ఒకరు ఇస్తేనే కదా వస్తుంది. ఆ మనిషిని చూపించు, తాళం తీస్తా."

అది నాకు చాలు. మనిషిని పట్టుకురమ్మన్నాడు కదా, పట్టుకొద్దామనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోతూ బస్సెక్కాను.

*

డాక్టరమ్మ గది బయట బెంచీ నిండా జనం. నేను తలుపు పక్కనే నిలబడి, ఆవిడ టీ తాగడానికి బయటికి రాగానే పట్టుకున్నాను.

"మీ అక్కగారి సంగతి మీ అక్కగారితోనే మాట్లాడతాను" అంది ఆవిడ. "జబ్బు సంగతైతే అడగండి. ఈ టీ చల్లారేదాకా మీకు టైము."

"గ్రంథుల జ్వరం వల్లే ఈ జబ్బు వస్తుందా?"

"'వల్లే' అనొద్దు. లింకు ఉందని మాత్రం గట్టిగానే అనుకుంటున్నారు. ఆ జ్వరం తెచ్చే వైరస్ పేరు ఎప్‌స్టీన్-బార్. ఈ జబ్బున్నవాళ్ళ రక్తం చూస్తే దాదాపు అందరిలోనూ దాని ఆనవాలు దొరుకుతుంది. లక్షలమందిని ఏళ్ళ తరబడి గమనించి చూశారు. ముందు వైరస్, ఎన్నో ఏళ్ళ తర్వాత జబ్బు. పదిహేనేళ్ళు దాటాక ఆ జ్వరం గట్టిగా వచ్చినవాళ్ళకి అవకాశం ఇంకాస్త ఎక్కువ."

"అయితే దొంగ దొరికినట్టేగా."

"తొందరపడకండి." ఆవిడ టీ కప్పుతోనే బెంచీ వైపు చూపించింది. "వైరస్ అక్కడ కూచున్న ప్రతి పదిమందిలో తొమ్మిదిమందికి ఉండే ఉంటుంది. నాకుంది. మీకూ ఉండొచ్చు. ఇందరిలో ఈ జబ్బు వచ్చేది వేలల్లో ఏ కొద్దిమందికో. ఒక తలుపుకి నాలుగైదు తాళాలున్నాయనుకోండి. వైరస్ ఒక తాళంచెవి. మిగతావి ఏంటో, ఎవరి ఒంట్లో ఎందుకు దొరుకుతాయో మాకు ఇంకా పూర్తిగా తెలీదు."

నాకు కొత్త పుస్తకం అట్ట తెరిచినట్టుంది. ఒక ప్రశ్న వెయ్యబోతే మూడు వస్తున్నాయి.

"ఎప్పుడో తగ్గిపోయిన జ్వరం ఇన్నేళ్ళ తర్వాత నరాల జోలికి ఎందుకెళ్తుంది?"

"తగ్గేది జ్వరం. వైరస్ బతికినంతకాలం ఒంట్లోనే ఓ మూల పడుంటుంది. దాన్లో ఒక ముక్క, నరాల పూతలోని ఒక ముక్క, చూడ్డానికి ఒకే పోలికట. కాపలావాడు దాన్ని పట్టుకోబోయి దీన్ని పట్టుకుంటాడని ఒక ఊహ. ఇంకా వేరే ఊహలూ ఉన్నాయి."

"వైరస్ ఒంట్లోకి వెళ్ళిన ఎన్ని రోజులకి జ్వరం బయటపడుతుంది?"

"నాలుగు నుంచి ఆరు వారాలు."

"వారం రోజుల్లో రాదా?"

"వారమంటే చాలా తక్కువ."

నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. శుక్రవారం నుంచి శుక్రవారానికి ఏడు రోజులు. బ్యాండు మాస్టారు కాదు. ఆ రోజు నాన్న నోరూ కాదు.

"ఎవరి నుంచి వచ్చిందో కనిపెట్టొచ్చా?"

"కుదరదు. ఏ జబ్బూ లేకుండా తిరిగేవాళ్ళ ఉమ్మిలో కూడా అది అప్పుడప్పుడు వస్తూ ఉంటుంది. చిన్నపిల్లలకైతే వచ్చినట్టే తెలీదు. ఏదో జలుబు, గొంతునొప్పి అనుకుని వదిలేస్తారు. ఎవరన్న ప్రశ్నకి జవాబుండదమ్మా."

"మా నాన్న ఆ ఒక్క ప్రశ్నే అడుగుతున్నాడు."

"పని మానేయమని నేనెవరికీ చెప్పలేదని ఆయనతో చెప్పండి. మందులు రాశాను. వేళ్ళకి పని చెప్తూ ఉండమన్నాను" అని, టీ సగంలోనే వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది.

*

ఇంటికొచ్చేసరికి పన్నెండున్నర. నాన్న ముందుగదిలో కుర్చీలో కూచుని, కళ్ళు మూసుకుని, నిద్రపోతున్నట్టు నటిస్తున్నాడు. నేను నిలబడే మొత్తం చెప్పాను. పదిలో తొమ్మిదిమంది, తాళంచెవులు, ఆరు వారాలు, అన్నీ.

"జవాబు లేదని డాక్టరమ్మే చెప్పింది నాన్నా."

"జవాబు లేనంత మాత్రాన చేసినవాడు లేకుండా పోడు" అన్నాడు కళ్ళు తెరవకుండా. "ఆ శుక్రవారం కాకపోతే అంతకుముందు ఇంకో శుక్రవారం. రోజూ నా ఎంగిలే కదా ఊదింది."

ఈయనతో వాదించడం కంటే గోడకి చెప్పుకోవడం నయం. నాకు ఒళ్ళు మండిపోయింది. సరే, తేదీలే చూద్దామనుకుని అమ్మ దగ్గరికి వెళ్ళాను.

మా నోళ్ళ పుస్తకాలు అమ్మ బీరువాలో ఉంటాయి. ప్రతి వాయిద్యానికీ ఒక వరస. తేదీ, వాయిద్యం, మొదటి నోరు, రెండో నోరు, ఏం దొరికింది. నాన్న గుర్తు నిలువు గీత. అక్క గుర్తు సున్నా.

అమ్మ పద్నాలుగేళ్ళ కిందటి పుస్తకం తీసిచ్చి, నా పక్కనే కూరగాయలు ముందేసుకుని కూచుంది.

"జ్వరం ఎప్పుడొచ్చిందమ్మా?"

"దాని పుట్టినరోజు మర్నాడు. శుక్రవారం."

ఆ తేదీ పట్టుకుని వెనక్కి వెళ్ళాను. ఒక వారం ముందు, నాన్న చెప్పిన బ్యాండు మాస్టారి క్లారినెట్. నిలువు గీత, సున్నా. ఇంకో వారం వెనక్కి వెళ్తే నిలువు గీతే లేదు. ఇంకా వెనక్కి వెళ్ళాను. మొదటి నోరు గడిలో సున్నా, సున్నా, సున్నా. అయిదు వారాలు నాన్న గుర్తు ఎక్కడా లేదు.

"నాన్న ఊరెళ్ళాడా అప్పుడు?"

"ఎక్కడికెళ్తాడు. దవడ పన్ను పీకించుకుని, అది చీము పట్టి, మొహం ఇంత చేసుకుని మంచానికి అతుక్కుపోయాడు. నెల పైన గాలి ఊదొద్దన్నారు. నీకు గుర్తులేదూ, జావ తాగుతూ ఉంటే నువ్వు పక్కన చేరి వెక్కిరించేదానివి."

నేను అమ్మ మెడ చుట్టూ చేతులేసి ఊపేశాను. "అమ్మా, నాన్న తప్పించుకున్నాడు. జ్వరానికి ముందు నాలుగు నుంచి ఆరు వారాలు ఆయన ఒక్క వాయిద్యం మీదా నోరు పెట్టలేదు."

అమ్మ కళ్ళు తుడుచుకుంది. తర్వాత పుస్తకంలోకి వంగి, "మరి ఈ చుక్కలేంటే?" అంది.

మొదటి నోరు గడిలో సున్నాలు. రెండో నోరు గడి ఖాళీ అనుకున్నాను. ఖాళీ కాదు. ప్రతి గడిలోనూ పెన్సిలుతో పెట్టిన సన్నటి చుక్క ఉంది. బడివాళ్ళ క్లారినెట్లు పదకొండు, చుక్కలు పదకొండు.

ఆ చుక్కలు చూస్తుంటే ముందు నా ముక్కు గుర్తొచ్చింది. కారుతున్న ముక్కు. గొంతులో గరగర. వర్క్‌షాపులో ఎత్తు పీట మీద నన్ను నిలబెట్టి, అక్క తన చున్నీతో మౌత్‌పీస్ తుడిచి నా చేతికిస్తోంది. వేడిగా ఉంది. నాకు పదేళ్ళు. "తొందరగా ఊదు, చల్లారిపోతుంది. నాన్నకి చెప్పావంటే చంపేస్తా" అంటోంది.

"ఏంటే, అలా అయిపోయావ్?" అంది అమ్మ.

"ఏం లేదమ్మా. ఆకలి."

అమ్మ నన్ను నమ్మలేదు. కత్తిపీట పక్కన పెట్టి నావైపే చూస్తూ కూచుంది.

*

అక్క ఇంకా ఆ మెట్టు మీదే ఉంది. ఎండ మొహాన పడుతోంది. నేను పుస్తకం తెరిచి తన ఒళ్ళో పెట్టాను.

అక్క కుడి కంటితో ఒక్కసారి చూసి, పుస్తకం మూసేసింది.

"నువ్వు దీన్ని ముట్టుకుంటావని నాకు తెలుసు" అంది. "మొన్నే ఆ పేజీ చింపేద్దామని తీశా. నాన్న పుస్తకం కదా, చెయ్యి రాలేదు."

"డాక్టరమ్మ జ్వరం గురించి అడిగిన రోజే నీకు గుర్తొచ్చిందా?"

"కుర్చీలోంచి లేచేలోపే."

"మరి నాతో ఒక్క మాటైనా అనలేదేం?"

"ఏమనాలి? నీ చీమిడి ముక్కు వల్ల నాకు కన్ను పోయిందనాలా?" అక్క నవ్వింది, నవ్వు సగంలో ఆగిపోయింది. "పదకొండూ ఒక్క నోటితో పంపడానికి నాకు మనసొప్పలేదే. నాన్న అడిగితే ఏం చెప్పాలి? ఇంట్లో ఉన్నది నువ్వు. జలుబు చేసిందని తెలుసు. తెలిసే ఇచ్చా."

"అది ఉత్త జలుబే అయ్యుండొచ్చు."

"అయ్యుండొచ్చు."

"బడిలో నీ మంచినీళ్ళ సీసా ఎంతమంది తాగారో."

"సగం క్లాసు తాగేది."

నాకు ఏడుపొస్తోంది. అంతలోనే, సిగ్గులేకుండా, ఆ పదకొండింట్లో ఏదో ఒకటి నేను సరిగ్గా ఊదలేకపోయినట్టు గుర్తు, అదేంటా అని ఆలోచిస్తున్నా. నా బుద్ధి అలాంటిది.

"నాన్నతో చెప్పేస్తా" అన్నాను.

"చెప్పకు."

"మనిషిని చూపిస్తే తాళం తీస్తానన్నాడు."

"చూపిస్తే ఆయన బరువు నీ నెత్తికెక్కుతుంది. ఆయన మోస్తున్నదానికీ అర్థంలేదు, నువ్వు మోసేదానికీ అర్థంలేదు. నాకేం ఒరుగుతుంది?"

"లేతు మిగుల్తుంది."

అక్క ఎడమచేతి వేళ్ళని కుడిచేత్తో ఒక్కొక్కటీ నొక్కి చూసుకుంటోంది. ఏ వేలికి తెలుస్తోంది, ఏ వేలికి తెలీట్లేదు అని రోజుకి వందసార్లు చూసుకుంటుంది.

"ఆయన నిన్ను చూసే చూపు మారితే తట్టుకోగలవా?" అంది.

తట్టుకోలేను. ఆ మాట పైకి అనలేకపోయాను. తన ఒళ్ళోంచి పుస్తకం తీసుకున్నాను.

వీధిలో వ్యాను ఆగిన చప్పుడైంది. నాలుగవడానికి ఇంకా పావుగంట ఉంది. ఇచ్చేదుంటే ఆలస్యం చేసే జనం, తీసుకునేదుంటే ఎంత ముందొస్తారో.

*

పియానోల పెద్దాయన మంచివాడే. చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ, "ఇంకోసారి ఆలోచించుకోవయ్యా" అన్నాడు నాన్నతో. నాన్న మాట్లాడకుండా తాళం తీశాడు. మూడు రోజుల తర్వాత ఆ తలుపు తెరుచుకుంది. లోపల్నుంచి నూనె, కొయ్యపొట్టు వాసన వచ్చింది.

అక్క లేచి, ఎవర్నీ అడక్కుండా లోపలికి వెళ్ళి, తన బెంచీ దగ్గర కూచుంది. సగం విప్పిన క్లారినెట్‌ని దగ్గరికి లాక్కుంది. నాన్న వద్దనలేదు. ఆఖరిసారి కదా అనుకున్నాడేమో.

పెద్దాయన లేతు కింద కూచుని బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. నాలుగు బోల్టులు. మొదటిది కిర్రుమంటూ వచ్చేసింది.

"నాన్నా, ఆ శుక్రవారం సంగతి తప్పు" అన్నాను. "తేదీలు చూశాను. ఆ శుక్రవారానికి ముందు అయిదు వారాలు నువ్వు పన్ను పీకించుకుని మంచం మీదున్నావ్. నువ్వు ఊదనేలేదు."

నాన్న నావైపు తిరిగాడు. ఆ పన్ను సంగతి ఇన్నేళ్ళలో ఆయనకి గుర్తే రాలేదని మొహం చూస్తే తెలిసింది. దవడ మీద చెయ్యేసుకున్నాడు.

రెండో బోల్టు వచ్చేసింది.

"మరి ఎవరు?" అన్నాడు.

అక్క బెంచీ దగ్గర్నుంచి తలెత్తి చూసింది. తల అడ్డంగా ఊపింది, ఒక్క రవ్వ.

నోటితో చెప్పడం నావల్ల కాలేదు. పుస్తకం ఆ పేజీ దగ్గర తెరిచి ఆయన చేతిలో పెట్టాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఈ చుక్కలు నేనప్పుడే చూశా" అన్నాడు. "రెండో నోరు లేదు కాబట్టి చుక్క పెట్టిందనుకున్నా. పదకొండు వాయిద్యాలు ఒక్క నోటితో పోయాయని ఆ నెలంతా నాకు మనశ్శాంతి లేదు."

"చుక్కలు నావి" అంది అక్క.

"నోరు నాది" అన్నాను.

మూడో బోల్టు విప్పుతున్న పెద్దాయన చెయ్యి ఆగింది. అమ్మ గుమ్మంలోకి ఎప్పుడొచ్చిందో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాకు అప్పుడు జలుబు. గొంతునొప్పి కూడా. ముందు అక్క ఊది నాకిచ్చేది. నేనూదాక, ప్యాడ్ మార్చిన వాటిని మళ్ళీ తనూదేది. నువ్వు వద్దన్న పనే చేశాం. మనిషిని చూపించమన్నావ్ కదా. నేనే అయ్యుండొచ్చు. కాకపోయినా ఉండొచ్చు. అంతకుమించి ఎవరూ చెప్పలేరు."

నాన్న నన్ను చూశాడు. ఆ చూపు కోసమే పొద్దుట్నుంచీ భయపడుతున్నా, అది వచ్చాక ఏం చూపో నాకు అర్థం కాలేదు. ఆయన మళ్ళీ పుస్తకంలోకి చూశాడు. ఒక్కో చుక్క మీద వేలు పెట్టుకుంటూ కిందికి దిగి, మూడో దాని దగ్గర ఆగాడు.

"మూడోదాంట్లో కింది ప్యాడ్ మార్చారని ఉంది" అన్నాడు. "గాలి పోతోందని కనిపెట్టిందెవరు?"

గుర్తొచ్చింది. నేను ఊదలేకపోయింది అదే.

"నేనే. నాకు స్వరం రావట్లేదని ఏడిచాను. అక్క నాకు చేతకాలేదనుకుంది. తర్వాత విప్పి చూసింది."

"దానికి ఎందుకు తెలీలేదు?"

"నా వేళ్ళు సర్దుకున్నాయి" అంది అక్క.

నాన్న కళ్ళజోడు తీసి చొక్కాతో తుడిచాడు. తుడుస్తూనే ఉన్నాడు. ఆయన ఏడుస్తున్నాడని నాకు అప్పుడు తెలిసింది.

"పదేళ్ళ పిల్ల" అన్నాడు, ఎవరితోనో తెలీకుండా. "మీ ఇద్దర్నీ నేనే ఇలా తయారుచేశాను." కళ్ళజోడు పెట్టుకుని పెద్దాయన వైపు తిరిగి, "కానివ్వండి" అన్నాడు.

ఇంత చేసి, ఇంత చెప్పి, మళ్ళీ మొదటికే వచ్చాం.

పెద్దాయన ఇబ్బందిగా మూడో బోల్టు తీసి పక్కన పెట్టాడు. నాలుగోదానికి చెయ్యి చాపాడు.

అప్పుడు అక్క క్లారినెట్ ఊదింది.

ఎప్పుడు బిగించిందో ఎవరం చూడలేదు. పై స్వరాల నుంచి కిందికి దిగుతూ వచ్చింది, నెమ్మదిగా, ఊదడం మొదలుపెట్టిన తొలిరోజులాగా. మధ్యలో ఒక స్వరం బుస్సుమంది. మళ్ళీ ఊదింది. మళ్ళీ అక్కడే బుస్సుమంది. వాయిద్యాన్ని నోటి నుంచి తీసి, ఎడమచేతి వేళ్ళని చూసుకుంది. రంధ్రాన్ని సరిగ్గా మూస్తే వేలి కొస మీద గుండ్రటి అచ్చు పడుతుంది. అది పడిందో లేదో కంటి దగ్గరగా పెట్టుకుని చూసింది.

గుడ్డతో మౌత్‌పీస్‌ని ఒక్క తుడుపు తుడిచింది. లేచి వచ్చి నాన్న ముందు నిలబడి, క్లారినెట్ ఆయన వైపు చాపింది.

"గాలి ఎక్కడో పోతోంది నాన్నా. ప్యాడ్‌లోంచా, నా వేలి కిందనుంచా, నాకు తెలీట్లేదు. ఇకమీదట ఎప్పుడూ నా అంతట నాకు తెలీదు."

నాన్న చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"దీనికోసమే కదా నువ్వు రెండో నోరు పెట్టింది" అంది అక్క.

నాలుగో బోల్టు మీద పెద్దాయన చెయ్యి అలాగే ఉంది. నాన్న ఆ మౌత్‌పీస్ వైపే చూస్తున్నాడు.

"చల్లారిపోతోంది నాన్నా."